టైంషేరా, హోటలా? సంతకానికి ముందు వేసుకోవాల్సిన లెక్క

రెండేళ్ళ క్రితం స్ప్రింగ్ బ్రేక్‌కి ఓర్లాండో వెళ్ళాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మావయ్యగారు. హోటల్లో దిగిన సాయంత్రమే లాబీలో ఒకాయన నవ్వుతూ పలకరించాడు. మర్నాడు ఒక రిసార్ట్ చూసి, తొంభై నిమిషాలు వాళ్ళు చెప్పేది వింటే చాలు, రెండు థీమ్ పార్కు టికెట్లు, 100 డాలర్ల గిఫ్టు కార్డు ఇస్తామన్నాడు. షరతు ఒక్కటే, భార్యాభర్తలిద్దరూ రావాలి. తొంభై నిమిషాలే కదా అని వెళ్ళాం.

ఆ తొంభై నిమిషాలు నాలుగు గంటలయ్యాయి. పొద్దున 34,000 డాలర్లు అన్నది మధ్యాహ్నానికి 22,000కి దిగింది. "ఈ ధర ఇవాళ ఒక్కరోజే" అన్నారు. రెండు బెడ్‌రూములు, పూర్తి వంటగది, వాషింగ్ మెషీన్, బాల్కనీ. పెద్దవాళ్ళు వచ్చినప్పుడల్లా ఎంత హాయిగా ఉంటుందో అనిపించింది. సంతకం పెట్టేశాం. అక్కడికక్కడే ఒక కొత్త క్రెడిట్ కార్డు తెరిపించి, డౌన్ పేమెంట్ 2,200 డాలర్లు దాని మీద వేశారు.

రాత్రి మావయ్యగారు ఆ ఫైలు తిరగేస్తూ, "వడ్డీ ఎంతమ్మా?" అని అడిగారు. ఆయన సహకార బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మావారు నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. నెలకెంత కట్టాలో చెప్పారు గాని వడ్డీ ఎంతో వాళ్ళు చెప్పలేదు, మేం అడగలేదు. కాగితాల్లో వెతికితే దొరికింది. 15 శాతం.

పిల్లలు పడుకున్నాక మా అమ్మాయి నోట్‌బుక్కు తీసుకుని కూర్చున్నాను. ఆ రాత్రి వేసిన లెక్కనే, తర్వాత తెలుసుకున్న మరికొన్ని విషయాలతో కలిపి ఇక్కడ రాస్తున్నాను. వేసవి సెలవులు వస్తున్నాయి. ఓర్లాండో, లాస్ వేగాస్, హవాయి వెళ్ళే మన కుటుంబాల్లో చాలామందికి ఆ లాబీలో నవ్వే మనిషి ఎదురవుతాడు.

మనం కొనేది ఏమిటి?

టైంషేర్లలో ప్రధానంగా మూడు రకాలు. మొదటిది డీడ్ ఉన్నది. ఒక రిసార్టులో ఏడాదికి ఒక వారం వాడుకునే హక్కును స్థిరాస్తిలా మన పేరున రిజిస్టర్ చేస్తారు. సాధారణంగా దానికి కాలపరిమితి ఉండదు. రెండోది వాడకం హక్కు మాత్రమే ఇచ్చేది. కొన్నేళ్ళకు దానంతట అదే ముగుస్తుంది. మూడోది పాయింట్లది. ఏటా మన ఖాతాలో కొన్ని పాయింట్లు పడతాయి, వాటితో ఆ కంపెనీ రిసార్టుల్లో గదులు బుక్ చేసుకోవాలి. పాయింట్ల పథకం వెనక డీడ్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉదాహరణకు 1991లో మొదలైన డిస్నీ వెకేషన్ క్లబ్ పాయింట్లతో నడుస్తుంది. దాని తొలి రిసార్టులో మొదట అమ్మిన కాంట్రాక్టులు 2042 జనవరితో ముగుస్తాయి. మన కాంట్రాక్టుకు అలాంటి ముగింపు తేదీ ఉందా లేదా అన్నది మొదట చూడాలి.

ఇండియాలో అమ్మే హాలిడే మెంబర్‌షిప్పులు ఎక్కువగా రెండో రకానివి. క్లబ్ మహీంద్రాలో 25 ఏళ్ళ సభ్యత్వం అందరికీ తెలిసిందే. అమ్మానాన్నల కోసం అక్కడ కొనాలనుకునేవారికీ ఈ లెక్క పనికొస్తుంది. అక్కడా కొన్న ధర వేరు, ఏటా కట్టే రుసుం వేరు.

ఏ రకమైనా ఆ రెండోదే అసలు విషయం. దాన్నే మెయింటెనెన్స్ ఫీజు అంటారు. శుభ్రం చేయడం, రిపేర్లు, ఇన్సూరెన్స్, సిబ్బంది జీతాలు, ఆస్తి పన్ను అన్నీ అందులోంచే. మనం వెళ్ళినా కట్టాలి, వెళ్ళకపోయినా కట్టాలి. ఏటా పెరుగుతుంది. తుపానుకు పైకప్పు ఎగిరిపోతే ప్రత్యేక వసూలు అని మరో బిల్లు రావచ్చు. అమెరికన్ రిసార్ట్ డెవలప్‌మెంట్ అసోసియేషన్ అన్నది ఈ పరిశ్రమ సంఘమే. ఆ సంఘం ఇటీవలి లెక్కల్లోనే సగటు అమ్మకం ధర 20,000 డాలర్ల పైన, సగటు వార్షిక ఫీజు 1,000 డాలర్ల పైన ఉన్నాయి. ఏనుగును కొనడం కన్నా మేపడం కష్టమని మన పెద్దలు ఊరికే అనలేదు.

లెక్క

బీఎస్సీలో మా మేడం ఒక మాట చెప్పేవారు. రెండింటిని పోల్చేటప్పుడు ఒక్కటే మార్చు, మిగతావన్నీ సమానంగా ఉంచు అని. అందుకే విమానం టికెట్లు, అద్దె కారు, పార్కు టికెట్లు పక్కన పెట్టాను. ఎక్కడ దిగినా ఆ ఖర్చులు ఒకటే. బస ఖర్చు ఒక్కటే పోల్చాను.

టైంషేర్ వైపు మా కాగితాల్లోని అంకెలివి: ధర 22,000 డాలర్లు, డౌన్ పేమెంట్ 2,200, మిగిలిన 19,800కి 15 శాతం వడ్డీతో పదేళ్ళ అప్పు, మొదటి ఏడాది ఫీజు 1,200.

హోటల్ వైపు ఇద్దరు పెద్దవాళ్ళు, నలుగురు మనం సర్దుకునేలా వంటగది ఉన్న రెండు గదుల సూట్ తీసుకున్నాను. ఓర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీలో హోటల్ గది మీద 12.5 శాతం పన్ను పడుతుంది. పన్నులు, రిసార్ట్ ఫీజు అన్నీ కలిపి రాత్రికి 250 డాలర్లు వేసుకున్నాను. వారానికి 1,750.

టైంషేర్ ఫీజు ఏటా 5 శాతం పెరుగుతుందనుకున్నాను. హోటల్ ధర కూడా అదే 5 శాతం పెరుగుతుందనుకున్నాను. "హోటల్ ధరలు పెరుగుతూనే ఉంటాయి, ఇది మాత్రం ఒకసారి కొంటే అంతే" అని అమ్మేవాళ్ళు చెప్పే మాటకు కూడా న్యాయం చేద్దామని.

19,800 అప్పుకు నెల కిస్తీ 319 డాలర్లు. పదేళ్ళలో కట్టేది దాదాపు 38,330. అందులో 18,530 ఒట్టి వడ్డీ. డౌన్ పేమెంట్ కలిపితే 22,000 అన్న వస్తువు మనకు పడింది 40,530కి.

ఇక ఏటా ఒక్క వారం కూడా తప్పకుండా పదేళ్ళు వెళ్ళామనుకుందాం. మొత్తం 70 రాత్రులు.

హోటల్: 22,010 డాలర్లు. రాత్రికి సగటున 314.
టైంషేర్, నగదు పెట్టి కొంటే: 37,090 డాలర్లు. రాత్రికి 530.
టైంషేర్, అప్పు తీసుకుంటే: 55,620 డాలర్లు. రాత్రికి 795.

ఇరవై ఏళ్ళకు, అంటే 140 రాత్రులకు చూస్తే:

హోటల్: 57,870 డాలర్లు. రాత్రికి 413.
టైంషేర్, నగదు: 61,680 డాలర్లు. రాత్రికి 441.
టైంషేర్, అప్పు: 80,210 డాలర్లు. రాత్రికి 573.

నగదు పెట్టి కొన్నవారు హోటల్ కన్నా లాభంలోకి వచ్చేది 23వ ఏట. అదీ ఒక్క ఏడాది కూడా సెలవు మానకుండా ఉంటే. ఆ 22,000 బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీని లెక్కలోకి తీసుకోకుండానే ఇది. మొదట 1,200 ఉన్న ఫీజు ఇరవయ్యో ఏటికి 3,030 దాటుతుంది. ఇవాళ ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి అప్పటికి పెళ్ళయి పిల్లలుంటారేమో.

మీ అంకెలు వేరుగా ఉంటాయి. మీకు చెప్పిన ధర, వడ్డీ, ఫీజు వేసి ఇదే పద్ధతిలో లెక్క కట్టండి. ఫోన్లో కాలిక్యులేటర్ చాలు.

ఇండియా వెళ్ళే ఏడాది సంగతేమిటి?

పై లెక్కలో ఒక అబద్ధం ఉంది. ఏటా ఒక వారం ఓర్లాండో వెళ్తామన్నదే ఆ అబద్ధం. మన ఇళ్ళల్లో ఎవరు వెళ్తారు? ఉన్న సెలవులన్నీ కూడబెట్టి ఏడాది విడిచి ఏడాది ఇండియా వెళ్తాం. పెళ్ళో, గృహప్రవేశమో, అమ్మకు కంటి ఆపరేషనో ఉంటుంది. నలుగురి టికెట్లకే ఆ ఏటి సెలవుల బడ్జెట్ అయిపోతుంది.

పదేళ్ళలో ఐదుసార్లు ఇండియా వెళ్తే, హోటల్ మీద పెట్టే ఖర్చు సగమవుతుంది, దాదాపు 11,000. టైంషేర్ మీద ఖర్చు ఒక్క డాలర్ కూడా తగ్గదు. 35 రాత్రులకు అవే 55,620 డాలర్లు. రాత్రికి దాదాపు 1,590. కొన్ని పథకాల్లో వాడని పాయింట్లను మరుసటి ఏడాదికి మళ్ళించుకోవచ్చు. అప్పుడు పెద్ద గది వస్తుంది, లేదా రెండు వారాలు వస్తాయి. కాని రెండేళ్ళ ఫీజూ కట్టాల్సిందే.

"మీ వారాన్ని ఇచ్చి ప్రపంచంలో ఎక్కడైనా తీసుకోవచ్చు" అని కూడా చెబుతారు. ఆర్‌సీఐ, ఇంటర్వల్ ఇంటర్నేషనల్ అనే మార్పిడి సంస్థలు 1970ల నుంచి ఉన్నాయి, ఆ సదుపాయం నిజమే. కాని వాటికి ఏటా సభ్యత్వ రుసుం ఉంటుంది, మార్చుకున్న ప్రతిసారీ మరో రుసుం ఉంటుంది. పిల్లల బడి సెలవుల్లో, అంటే మనకు కావలసిన వారాల్లోనే అందరికీ కావాలి.

మనలో చాలామందికి ఇంకో సంగతి ఉంది. హెచ్1బీ ఒకసారికి మూడేళ్ళకు మించి రాదు. ఉద్యోగం పోతే మన చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. అలాంటి కాగితం మీద బతుకుతూ, ముగింపు తేదీ లేని కాగితం మీద సంతకం పెట్టడం ఏమిటని ఆ రాత్రి మావారినే అడిగాను. డాలస్‌లో మాకు తెలిసిన ఒక కుటుంబం అలా కొన్నాక హైదరాబాదు తిరిగి వెళ్ళిపోయింది. ప్రతి జనవరిలో ఫీజు బిల్లు ఈమెయిల్లో వస్తూనే ఉంది. అమ్ముదామని ఒక్క డాలర్‌కు పెట్టినా కొనేవారు రాలేదు.

మనల్ని లాగేది వంటగదే

నిజం చెప్పుకోవాలి. మేం పడిపోయింది బాల్కనీ చూసి కాదు, స్టవ్ చూసి. మావయ్యగారికి షుగర్, వేళకు తినాలి. అత్తయ్యగారు బయటి తిండి ముట్టరు. రైస్ కుక్కర్, ఆవకాయ సీసా లేకుండా మా సూట్‌కేసు గడప దాటదు. ఆరుగురు పూటపూటా బయట తింటే ఎంతవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ మేరకు వంటగది ఉన్న బసకు విలువ ఉంది.

కాని వంటగది కోసం రిసార్టులో భాగం కొనక్కర్లేదు. మూడు దారులున్నాయి.

ఒకటి, వంటగది ఉన్న హోటళ్ళు. రెసిడెన్స్ ఇన్, హోమ్‌వుడ్ సూట్స్ లాంటి వాటిలో స్టవ్, ఫ్రిజ్, గిన్నెలు ఉంటాయి. పొద్దున టిఫిను కూడా గది అద్దెలోనే. రెండు బెడ్‌రూముల సూట్‌లు అన్ని చోట్లా ఉండవు, బుక్ చేసేముందు చూసుకోండి.

రెండు, అద్దె ఇళ్ళు. ఓర్లాండో పక్కనే ఉన్న కిస్సిమీ, డావెన్‌పోర్ట్ వైపు నాలుగైదు బెడ్‌రూముల ఇళ్ళు వారానికి ఇస్తారు. రెండు కుటుంబాలు కలిసి వెళ్తే ఇదే చవక. శుభ్రం చేసే రుసుం, పన్నులు కలిపి వచ్చే చివరి అంకెను చూడండి, మొదట కనిపించేదాన్ని కాదు.

మూడోది చాలామందికి తెలియదు. టైంషేర్ ఓనర్ల దగ్గరే ఆ వారాన్ని అద్దెకు తీసుకోవచ్చు. వెళ్ళలేని ఏడాది ఓనరు ఫీజు డబ్బులైనా వస్తే చాలనుకుంటాడు. మా లెక్కలోని 1,200 ఫీజుకే ఇస్తే రాత్రికి 171 డాలర్లు. అవే గదులు, అదే ఈతకొలను. డబ్బు పంపేముందు మాత్రం రిజర్వేషన్ మన పేరున ఉందో లేదో రిసార్టుకు ఫోన్ చేసి కనుక్కోండి. క్రెడిట్ కార్డు మీదే కట్టండి, వైరు చేయకండి.

అయితే ఎవరికీ పనికిరాదా?

అలా అనను. ఏటా అదే చోటికి, అదే సెలవుల్లో వెళ్ళే కుటుంబాలు ఉన్నాయి. ఊరు మారే ఆలోచన లేదు, అప్పు అవసరం లేదు, పథకానికి ముగింపు తేదీ ఉంది. అలాంటివారికి కుదరవచ్చు. అప్పుడు కూడా కంపెనీ దగ్గర కాక, పాత ఓనరు దగ్గర కొనాలి. రీసేల్‌లో చాలా రిసార్టుల వారాలు దాదాపు ఊరికే వస్తాయి. రిజిస్ట్రేషన్ ఖర్చులకు 1,500 వేసుకున్నా, మా అంకెలతో పదేళ్ళకు 16,600, రాత్రికి 237 డాలర్లు. హోటల్ కన్నా తక్కువే. కొన్ని కంపెనీలు రీసేల్‌లో కొన్నవారికి అన్ని సదుపాయాలూ ఇవ్వవు, ముందే అడగాలి. ఇంకొకటి కూడా ఆలోచించుకోండి. అతను మీకు దాదాపు ఊరికే ఇస్తున్నాడంటే, రేపు మీరు అమ్మబోయినా అంతే వస్తుంది. సొంతానికి వాడుకున్న టైంషేర్ మీద వచ్చే నష్టాన్ని పన్నుల్లో చూపించుకోవడానికి కూడా వీల్లేదు.

సంతకం పెట్టేసి ఉంటే

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. కొన్నాక కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు చట్టం ఇస్తుంది. ఫ్లోరిడాలో 10 రోజులు. సంతకం పెట్టిన రోజు, లేదా చివరి కాగితం మన చేతికి వచ్చిన రోజు, ఏది తర్వాతైతే అక్కడి నుంచి లెక్క. శని, ఆదివారాలు కూడా అందులోకే వస్తాయి. ఆ హక్కును వదులుకున్నట్టు మనచేత రాయించుకున్నా చెల్లదు. కాలిఫోర్నియా, హవాయిలలో 7 రోజులు, నెవాడాలో 5 రోజులు. బ్రిటన్‌లో 14 రోజులు, ఆ 14 రోజుల్లో అడ్వాన్సు తీసుకోవడం కూడా నిషేధం. మీకు వర్తించే గడువు, ఉత్తరం పంపాల్సిన చిరునామా కాంట్రాక్టులోనే ఉంటాయి.

నేను లెక్క చూపిస్తే మావారు చాలాసేపు మాట్లాడలేదు. "నవ్వుతూ చెయ్యి కలిపి వచ్చాం. ఇప్పుడు మాట తప్పితే ఏం బాగుంటుంది?" అన్నారు. మనవాళ్ళను ఆపేది ఈ మొహమాటమే. మావయ్యగారే అన్నారు, "మాట తప్పడం కాదురా, చట్టం ఆలోచించుకోమని ఇచ్చిన గడువు అది" అని.

మేం చేసింది ఇది. కాంట్రాక్టు నంబరు, కొన్న తేదీ, మా ఇద్దరి పేర్లు రాసి, "ఈ కాంట్రాక్టును రద్దు చేసుకుంటున్నాం, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వండి" అని నాలుగు వాక్యాల ఉత్తరం రాశాం. ఇద్దరం సంతకం పెట్టాం, కాంట్రాక్టు మీద ఎంతమంది పెడితే అంతమందీ పెట్టాలి. ఐదో రోజున పోస్టాఫీసుకు వెళ్ళి సర్టిఫైడ్ మెయిల్లో, అందినట్టు రసీదు వచ్చేలా పంపాం. ప్రతి పేజీకి ఫోటో తీసుకున్నాం. ఫోన్ చేస్తే ఇంకా తక్కువ ధర చెబుతారని విని ఫోన్ చేయలేదు. వాళ్ళు చేసినప్పుడు ఉత్తరం పంపామని చెప్పి పెట్టేశాం. డబ్బు తిరిగి వచ్చాక ఆ కొత్త క్రెడిట్ కార్డును కూడా విడిగా మూయించాం. కాంట్రాక్టు రద్దయితే కార్డు దానంతట అది రద్దు కాదు.

గడువు దాటిపోయి ఉంటే

మొదట అడగాల్సింది కంపెనీనే. అప్పు తీరిపోయి, ఫీజు బాకీ లేకపోతే వెనక్కి తీసుకునే పథకాలు చాలా కంపెనీలకు ఉన్నాయి. కట్టడం మానేస్తే వసూలు ఏజెన్సీలు, ఫోర్‌క్లోజర్, క్రెడిట్ స్కోరు దెబ్బతినడం ఉంటాయి. ఇంటి లోన్‌కు వెళ్ళబోయేవారు ముఖ్యంగా ఆలోచించాలి.

"మీ టైంషేర్ వదిలిస్తాం, ముందు ఇంత కట్టండి" అని ఫోన్ చేసేవాళ్ళను నమ్మకండి. ముందే డబ్బు అడిగేవారితో జాగ్రత్త అని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చెబుతూనే ఉంది. మెక్సికోలో టైంషేర్లు ఉన్నవారిని కొంటామంటూ మోసం చేసే ముఠాల గురించి 2024లో ఎఫ్‌బీఐ కూడా హెచ్చరించింది.

డీడ్ ఉన్నది పిల్లలకు వారసత్వంగా వెళ్తుంది. వద్దనుకుంటే వాళ్ళు చట్టప్రకారం నిరాకరించవచ్చు. కాని ఆ పని గడువులోగా చేయాలి, ఈలోపు ఒక్క రాత్రి కూడా వాడుకోకూడదు. మీకు టైంషేర్ ఉంటే ఈ సంగతి పిల్లలకు ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఆ గదిలో కూర్చున్నప్పుడు అడగండి

వడ్డీ ఎంత? అప్పు తీరేసరికి మొత్తం ఎంత కడతాం?
గత ఐదేళ్ళలో ఫీజు ఏ ఏడాది ఎంత ఉంది? ప్రత్యేక వసూళ్ళు జరిగాయా?
దీనికి ముగింపు తేదీ ఉందా?
జూన్, జూలైలలో, క్రిస్మస్ సెలవుల్లో గది కావాలంటే ఎన్ని నెలల ముందు బుక్ చేయాలి?
నాకు వద్దనిపిస్తే మీరే వెనక్కి తీసుకుంటారా? అది ఏ పేజీలో రాసి ఉంది?

నోటితో చెప్పింది కాగితం మీద లేకపోతే చెప్పనట్టే. ఈ రోజే సంతకం పెట్టాలంటే, వద్దని లేచి వచ్చేయండి. అసలు టికెట్ల కోసం వెళ్ళకపోతే ఇంకా మంచిది.

ఆ తర్వాతి వేసవి మళ్ళీ ఓర్లాండో వెళ్ళాం. ఒక ఓనరు దగ్గర వారం అద్దెకు తీసుకున్నాం, ఇంచుమించు అలాంటి గదే. అత్తయ్యగారు స్టవ్ మీద పప్పుచారు పెట్టారు. మావయ్యగారు బాల్కనీలో కూర్చుని, "వచ్చే ఏడు ఎక్కడికమ్మా?" అని అడిగారు. ఎక్కడికైనా వెళ్ళొచ్చని చెప్పాను.